మొదటి కంపెనీ గీయని బొమ్మ

ఆమెకు అన్నిటికన్నా భయం, ఆ తలుపు వెనక పాప గొంతు ఆగిపోతుందేమోనని.

తలుపు నీలం రంగుది. బయట గడియ, గడియకు తాళం. తాళంచెవి భర్త చొక్కా జేబులో ఉంది. లోపల కాగితం కట్టలు, సిరా డబ్బాలు, నాలుగేళ్ల పాప. కిటికీ లేదు.

ఇల్లూ ప్రెస్సూ ఒకటే. ముందు గదిలో అచ్చు మిషను, మధ్య గదిలో కంప్యూటరు, దాన్ని ఆనుకునే ఈ నీలం తలుపు. వీధిలోకి వెళ్లాలంటే మిషను పక్కనుంచే, అంటే అతని పక్కనుంచే వెళ్లాలి. మిషను తిరుగుతుంటే మధ్య గదిలో గొంతు చించుకున్నా బయటికి వినపడదు.

ఇంతకుముందొకసారి మిషను ఆగి ఉండగా, కాగితాల కోసం వచ్చిన బైండరుకు వినపడింది.

"లోపల ఏమిటా ఏడుపు?"

"గారాబం. అన్నం తినమంటే ఇదీ వరస," అని నవ్వాడు భర్త. బైండరూ నవ్వి, కట్ట భుజానికెత్తుకుని పోయాడు.

భర్త హత్యల నవలలకు అట్టలు వేస్తాడు. బొమ్మలు వేసే ఆర్టిస్టు మానేశాక, పోయిన నెల మరిది వచ్చి కంప్యూటర్‌లో బొమ్మల ప్లగిన్ పెట్టాడు.

"చూడు వదినా, గీసేది ఇది కాదు. ఎక్కడో ఉన్న కంపెనీలు. నువ్వు రాసింది వాళ్లకు మోసుకెళ్లడమే దీని పని. మూడు కంపెనీలు పెట్టాను. ఒక్కోదానికి ఒక్కో కీ."

కీ అంటే బారెడు అక్షరాల తోక. అది ఇచ్చే ముందు మొదటి కంపెనీ వీళ్ల పేరు, ఊరు, వీధి, ఇంటి నంబరు అన్నీ అడిగింది. మరిది అన్నీ కొట్టాడు.

"నేను ఎనిమిదితోనే ఆపేశాను కదా బాబూ. నాకేం వస్తుంది ఇదంతా?"

"కథ చెప్పడం రాదా? పాపకు చెప్పినట్టే చెప్పు. ఆమె ఇలా ఉంది, అతను అలా చేశాడు అని. నేను, నాకు అని రాస్తే నీ మొహం దానికేం తెలుసు? ఎంత పొడుగు రాసినా ఓపిగ్గా వింటుందిలే. మా అన్నలాగా కాదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నెలలో అదొక్కసారే.

"ఇంకోటి. మూడో కంపెనీ ఏం అడిగినా గీసిపడేస్తుంది. మొదటిదానికి పట్టింపులెక్కువ. రక్తమూ పసిపిల్లలూ ఒకచోట కనపడితే చాలు, గీయనంటుంది. నువ్వు రాసిందంతా ఇక్కడ చెరిగిపోయి ఎర్ర గీత ఒక్కటి మిగులుతుంది. అక్కడ మాత్రం ఒక మనిషి కూర్చుని చదువుతాడట, ఆపింది సబబేనా అని."

"నిజంగా మనిషేనా?"

"మనిషే. జీతానికి."

వెళ్లేముందు, అన్న చెప్పాడని, ఆ కంప్యూటర్‌లో ప్లగిన్ తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా చేసిపోయాడు. ఆమె ఫోను అంతకుముందే గోడకు తగిలి ముక్కలైంది.

ఈ ఉదయం పాప ఆడుకుంటూ ఏదో మీట నొక్కింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన అట్ట బొమ్మ పోయింది.

భర్త కట్టింగ్ మిషను దగ్గరి ఇనుప స్కేలుతో వచ్చాడు. మొదటి దెబ్బ ఆమె అడ్డుపెట్టిన కుడిచేతికి తగిలింది. మణికట్టు దగ్గర ఎముక టక్కుమంది. రెండో దెబ్బకు చెవి చిట్లింది. మూడోది పాపకు. కణత పక్కన. గౌను భుజం దాకా ఎర్రబడింది. అతను పాపను రెక్క పట్టుకుని ఆ గదిలోకి విసిరేశాడు. కాగితం కట్ట అంచుకు తల కొట్టుకున్న చప్పుడు ఆమెకు వినపడింది.

"బొమ్మ రానీ. తీస్తా," అన్నాడు తాళం వేస్తూ.

"ఏమండీ, రక్తం కారుతోందండీ. ఒక్క గుడ్డ కట్టనివ్వండి."

"అట్టమీద కారాలి అది. కూర్చో."

ఆమె ఎడంచేత్తో ఒక్కో అక్షరం కొట్టింది. మూడో కంపెనీ అరనిమిషంలో గీసింది. కత్తి, గోడమీద చేతిముద్ర, కిందపడ్డ మనిషి. అతను వంగి చూశాడు.

"చెయ్యి ఒకటి పోయినా పని బాగానే చేస్తున్నావే."

తలుపు తియ్యలేదు.

"వెనక అట్టకు ఇంకోటి. మిషను మీద నాకు గంట పనుంది. వచ్చేసరికి ఉండాలి. లేకపోతే ఈసారి దానికి ఏ వైపు తగులుతుందో నాకూ తెలీదు."

అతను వెళ్లాడు. మిషను మొదలైంది. ఆమె నీలం తలుపుకు మంచి చెవి ఆనించింది. ఏడుపు ఎక్కిళ్లయింది.

"అమ్మా, నిద్రొస్తోంది."

"పడుకోకు తల్లీ. కథ చెబుతా. ఊ కొడుతుండు."

"ఊ."

కుర్చీ తలుపు పక్కకు లాక్కుని, నోటితో ఏనుగు కథ మొదలుపెట్టింది. చేత్తో ప్లగిన్‌లో మూడో కంపెనీ తీసేసి మొదటి కంపెనీ పెట్టింది. ఏనుగు చెరువు దగ్గరికి వెళ్లేదాకా మాటకొక ఊ వచ్చింది. ఏనుగు దారి తప్పాక నాలుగు మాటలకొకటి. ఏనుగుకు వాళ్లమ్మ కనపడింది. ఊ రాలేదు. రెండుసార్లు కనపడింది. రాలేదు.

అయ్యా, అమ్మా, మొదటి కంపెనీలో కూర్చుని ఇది చదువుతున్నది మీరెవరైనా సరే, నాకు బొమ్మ వద్దు, ఇంతసేపూ ఆమె అని రాసింది నా గురించే, ఈ కీ ఏ ఇంటిదో మీ దగ్గర రాసే ఉంది, అతను తిరిగొచ్చేలోగా ఎవరినైనా పంపి ఆ నీలం తలుపు తీయించి నా కూతురు ఎలా ఉందో చూడమనండి.