మాట మార్చే బల్బు

"పోయిన వారం ఎనిమిది వందల నలభై. ఇవాళ ఏడు వందల నలభై ఐదు!" వెలుతురు కొలిచే మీటరును కళ్లజోడుకు దగ్గరగా పట్టుకుని అన్నారు హాషిమీ మాస్టారు. "అదే బల్బు, అదే హెడ్‌లైటు. మనిషి మాట మారుస్తాడు గాని బల్బు మారుస్తుందా?"

లసాద్ తల పట్టుకున్నాడు. స్ఫాక్స్‌ ఊళ్లో ట్యాక్సీవాళ్లలో సగం మంది ఈ మాస్టారి దగ్గర భౌతికశాస్త్రం చదివినవాళ్లే. 'ఈ దుకాణంలో బల్బు పరీక్ష నమ్మవచ్చు' అని ఆయన సంతకం చేసిన అట్ట గోడకు తగిలిస్తే చాలు, ఎదుటి దుకాణానికి పోయిన బేరాలన్నీ తిరిగొస్తాయి. వరుసగా రెండు వారాలు ఒకే అంకె వస్తే సంతకం పెడతానన్నారు ఆయన. ఇది ఏడో గురువారం.

"ఇంచుమించు సరిపోయింది కదా మాస్టారూ, పెట్టెయ్యండి!"

"ఇంచుమించు అని రాసినవాళ్లకి సున్నాలు వేశాన్రా. నీకూ వేశాను."

"అక్క ముందు ఆ సంగతెందుకండీ!"

ఈ హెడ్‌లైట్ల దుకాణం లసాద్ అక్క దలెండాది. భర్త పోయాక తనే నడుపుతోంది. నవ్వు ఆపుకుంటూ కాఫీ తెచ్చింది.

"బ్యాటరీ మార్చి చూశారా?" లసాద్ వదల్లేదు.

"మార్చాను. అద్దం తుడిచాను. కిటికీకి నల్లగుడ్డ కట్టాను."

"మరి దూరం?"

"జానెడు తేడా వస్తే అంకె మారిపోతుందని నాకు తెలీదా? మీటరు పెట్టే చోట మొదటిరోజే సుద్దతో గీత గీసింది నేనే. ఇంక నన్ను నేనే అనుమానించుకోమంటావా?"

"ఆ గీత చెరక్కుండా చుట్టూ ఊడ్చలేక నా నడుం పోతోంది," అంది దలెండా.

మాస్టారు కాఫీ ఒక గుక్క తాగారు. అందులో దలెండా నారింజపూల నీళ్లు రెండు చుక్కలు కలిపింది. భార్య పోయిన ఈ మూడేళ్లలో ఆ వాసన ఆయన వంటింట్లో మళ్లీ రాలేదు. కాసేపు అంకెలు మరిచిపోయారు.

"పోనీ, ఈ బల్బు తీసుకెళ్లి ఎదుటి దుకాణంలో కొలవండి," విసుక్కున్నాడు లసాద్.

"నోర్ముయ్!" అంది అక్క.

"తప్పెక్కడుందో తేలందే వదలను." మాస్టారు లేచి టోపీ పెట్టుకున్నారు. "మళ్లీ గురువారం వస్తాను. మీకు ఇబ్బందేమో, దలెండా గారూ."

"ఏం చేస్తాం మాస్టారూ, శాస్త్రమాయె." ఆమె నిట్టూర్చింది. "రండి. ఖర్జూరం కూరిన మక్రూద్ మిఠాయిలు చేసి ఉంచుతాను."

లసాద్ గొణుక్కుంటూనే ఆయన్ని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్లాడు.

వాళ్లు మలుపు తిరగగానే దలెండా సుద్దగీత చెరిపి, ఈసారి హెడ్‌లైటుకు జానెడు దగ్గరగా గీసింది.