వీపు నడుమ

మన్‌షిక్ పెళ్లాం ఒళ్లు వంచని మనిషి. నలభై ఏళ్లు అతని వీపు రుద్దింది, ఒక్కనాడూ నడిమధ్యన రుద్దలేదు. ఆమె పోయి మూడు నెలలైంది. చెయ్యి అందని చోట మురికి భరించలేక, కొండ దిగి, బస్సెక్కి, పట్నంలో డబ్బులిచ్చి ఒళ్లు రుద్దించుకునే స్నానశాలకు మొదటిసారి వచ్చాడు.

"పెద్దాయనా, లాగుక్కూడా స్నానమా?" అని నవ్వాడు ఒళ్లు రుద్దేవాడు. వేడినీళ్ల తొట్టిలో మగవాళ్లంతా తిరిగి చూశారు. మన్‌షిక్ లాగు విప్పి గబగబా బల్లమీద బోర్లా పడుకున్నాడు.

"నడుమ గట్టిగా రుద్దు. మా ఆవిడ అక్కడ చెయ్యి పెట్టేది కాదు. బద్ధకం."

గరుకు తొడుగు వేసుకున్న చెయ్యి వీపు మధ్యకొచ్చి ఆగింది.

"ఇక్కడ రుద్దితే నెత్తురొస్తుంది. ఇవి వాతలు కదండీ! వరుసగా మూడు. ఒంటితోపాటే సాగాయి, పసితనంలో ఎవరో పట్టకారు కాల్చి పెట్టారు. మీకు తెలీదూ?"

"నోర్ముయ్. నన్ను పెంచింది మా అమ్మ ఒక్కతే. ఇంట్లో ఇంకో మనిషే లేదు. ఆమె నామీద చెయ్యెత్తి ఎరగదు."

ఆ మాటతోనే అతను పెళ్లాన్ని నలభై ఏళ్లు దెప్పాడు. మా అమ్మ ముందు నువ్వెంత అన్నప్పుడల్లా, ఆమె వెనక కూర్చుని మెల్లగా నీళ్లు పోసేది తప్ప బదులు చెప్పేది కాదు.

"మరి మీ ఆవిడ చెప్పలేదా? రోజూ చూసే ఉంటుందే!"

చెప్పి ఉంటే అతనికి అమ్మ మిగిలేది కాదు.

మన్‌షిక్ మొహం తడిబల్లకు అదిమిపెట్టుకున్నాడు.

"ఆ చోటు వదిలేసి రుద్దు," అన్నాడు. "ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."