దిగువవీధి రాచపుండు

“పుండు ఎక్కడ లేచింది?” మూడోసారి అడిగాడు జనార్దనయ్య.

చెంచులక్ష్మి గుడిసె గుంజ పట్టుకుని నిలబడింది. ఆమె చూపు ఆయన మీద లేదు. పక్కన గొడుగేసుకుని నిలబడ్డ మునసబు గోవిందయ్య మీద ఉంది.

“కడుపులో సార్,” అన్నాడు గోవిందయ్య.

“మిమ్మల్ని కాదు మునసబుగారూ, ఆమెను అడుగుతున్నా.”

“కడుపులోనే సామీ,” అంది చెంచులక్ష్మి నేలచూపులు చూస్తూ.

“ఎట్లా ఉండేవాడు నీ మొగుడు?”

“చిక్కిపోయినాడు. ఎముకలు లెక్కబెట్టొచ్చు. కాళ్లు మాత్రం ఉబ్బినాయి. ఆకర్న నాలుగు దినాలు లేవనేలేదు.”

“మరి చనిపోయిన పాప?”

“అట్నే సామీ.”

“ఎన్నేళ్లు?”

“ఆరు.”

రాస్తున్న పెన్ను ఆగింది. ముసలివాళ్లకు వచ్చే రోగమనే ఆయన చదువుకున్నాడు. ఆరేళ్ల బిడ్డకు కూడా వచ్చిందంటే ఈ ఊళ్లో ఉన్నది మామూలు సంగతి కాదు.

జనార్దనయ్య ఉదయగిరి తాలూకాకు హెల్త్ ఇన్‌స్పెక్టరు. నెల కిందట ఊళ్ల నుంచి వచ్చిన జనన మరణాల రిజిస్టర్లు తిరగేస్తుంటే దుత్తలూరు దగ్గరి ఈ ఊరి పుట మీద చూపు నిలిచిపోయింది. తక్కిన ఊళ్ల మునసబులు ఎవరు పోయినా జ్వరమని రాసి చేతులు దులుపుకుంటారు. ఇక్కడ మాత్రం రాచపుండు, రాచపుండు, రాచపుండు. అంటే క్యాన్సరు. యాభై ఒకటిలో రెండు చావులు, యాభై రెండులో నాలుగు, ఈ యేడు ఆషాఢం రాకముందే ఏడు. ఆత్మకూరు డాక్టరు దగ్గర అచ్చు రిపోర్టు అడిగి తెచ్చి, దేశం లెక్కలు పక్కన పెట్టి చూశాడు. ఆ లెక్కన ఎనిమిది వందల మంది ఉన్న ఊరికి ఏడాదికొక క్యాన్సరు చావు రావడమే ఎక్కువ. పైగా దేశంలో ఏటా ఇంచుమించు అంతే ఉంది. ఇక్కడ ఏటికేడాది దాదాపు రెట్టింపవుతోంది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు దిగువవీధి బావి గట్టు మీద కూర్చుని, ఊరి పటం గీసి, పదమూడు చుక్కలు పెట్టాడు. పదమూడూ దిగువవీధిలోనే పడ్డాయి. ఎగువవీధిలో ఒక్కటీ లేదు. ఆ వీధి వాళ్లకు వేరే బావి ఉంది. తేదీలు చూశాడు. అన్నీ మాఘమాసం దాటాక, వానలు పడకముందు. బావిలోకి తొంగి చూశాడు. అడుగున నాలుగు బిందెల బురదనీళ్లు.

నీళ్లు తగ్గేకొద్దీ విషం చిక్కబడుతోంది!

“మునసబుగారూ, ఈ పూటే బావికి కంప కొట్టించండి. ఒక్క చేద కూడా పడకూడదు. నీళ్లు సీసాలో పట్టి మద్రాసుకు పంపిస్తా.”

గోవిందయ్య మొహం పాలిపోయింది. “జవాబు ఎప్పుడొస్తాది సార్?”

“నెల. నెలన్నర.”

“అరవై గడపలు సార్ ఈ వీధిలో. వాగు చూస్తే మూడేళ్లుగా ఎండే ఉండాది.”

“ఎగువవీధి బావిలో తోడుకోనివ్వండి.”

“మీరు నెల్లూరాయన గదా సార్. దిగువవీధోళ్ల చేద ఆ బావిలో పడనిస్తారా ఎగువోళ్లు?” అన్నాడు గోవిందయ్య. 

“రెండు రోజులు ఆగినా పద్నాలుగో మనిషి పోతాడు. ఆ పాపం నేను మోయను. రాత ఆర్డరు నా జేబులో ఉంది.”

మాట వీధంతా పాకింది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి బావి చుట్టూ మూగారు.

“మూసేదానికి వచ్చినాడంట ఈ కోటుదొర!” అని అరిచింది ఒక ముసలమ్మ. “ఆ పక్కనే గుంత దీసి మమ్మల్ని గూడా పూడ్చి పో నాయనా, నీకు మళ్లీ వచ్చే పని తప్పుతాది!”

“అవ్వా, మీ కోసమే చేస్తున్నా!”

“మా కోసం ఎవురు వచ్చినా ఏందో ఒగటి తీసుకోనే పోతారు గదరా!”

కొందరు నవ్వారు. ఆ నవ్వులో తడి లేదు. ఇద్దరు మనుషులు తుమ్మకంపలు ఈడ్చుకొచ్చి గోవిందయ్య వైపు చూశారు. ఆయన తల తిప్పుకున్నాడు. జనార్దనయ్యే చెయ్యి ఊపాడు. మొదటి కంప బావి మీద పడింది.

చెంచులక్ష్మి వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. రెండో కంప ఎత్తినవాడు అట్లాగే ఆగిపోయాడు.

“లేమ్మా,” అన్నాడు జనార్దనయ్య. “నీ మొగుణ్ణీ బిడ్డనూ తిన్న నీళ్లమ్మా ఇవి!”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. పొద్దున్నుంచి ఆయన వంక చూడటం అదే మొదలు.

“నీళ్లు గూడా లేకండా చేస్తావా సామీ?”

“ఆపండ్రా!” గోవిందయ్య ముందుకొచ్చి కంప పట్టి లాగేశాడు. ముళ్లు దిగి అరచేయి రక్తమైంది. “మూయబాకండి సార్. ఈ నీళ్లల్లో ఏం లేదు. ఎవురికీ ఏ పుండూ లేవలేదు.”

“మరి రిజిస్టరులో?”

“రాసింది నేనే. మొదట్లో ఉన్నది ఉన్నట్టే రాసినాను సార్. ఆ మాట ఇంగోసారి కనబడితే నీ మునసబు పని ఉండదని పైనోళ్లు కాగితం మొగాన కొట్టినారు. కలరా అని రాస్తే సూదులోళ్లు వస్తారు. జొరమని ఇంతమందికి రాస్తే మందులోళ్లు వస్తారు. దీనికి మందు లేదు గదా, ఎవురూ రారనుకున్నా.”

“ఏ మాట?”

గోవిందయ్య రక్తం కారుతున్న అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

“ఆకలి,” అంది చెంచులక్ష్మి.