ఆఖరి చరణం

"ఆ పాట తీసెయ్యి సారూ."

రాఘవేంద్ర కంప్యూటర్ మీంచి తలెత్తాడు.

కౌంటర్ అవతల యాభై ఏళ్ల మనిషి. మెడ చుట్టూ తువ్వాలు. గొంతు బొంగురుపోయి, మాట మాటలా కాక గాలిలా వస్తోంది.

"ఏ పాట?"

ఆ మనిషి షాపు ముందు వేలాడుతున్న స్పీకర్ వైపు చెయ్యి చూపించాడు.

రాఘవేంద్ర ఒకసారి రోడ్డు వైపు చూశాడు.

అతనిది దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో సెల్‌ఫోన్ల షాపు. మెమరీ కార్డుల్లో పాటలెక్కించడమే అసలు బేరం. సొంతూరు భీమవరం. ఉద్యమం రాజుకున్న వారంలో ఆ సందులో రెండు ఆంధ్రావాళ్ల షాపుల అద్దాలు పగిలాయి. మర్నాడే అతను షట్టరు మీద జై తెలంగాణ రాయించాడు. షాపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా ఆ ఉద్యమం పాట మోగించడం మొదలుపెట్టాడు.

రెండు నెలలైంది. షాపు మీద గులకరాయి పడలేదు.

పాడిందెవరో ఎవరికీ తెలియదు. ఏదో ఊరి సభలో ఎవరో సెల్లులో పట్టుకున్న పాట, చేతులు మారుతూ పట్నం చేరింది. పేరు లేదు, ఫొటో లేదు. గొంతు మాత్రం ఎల్బీనగర్ నుంచి చంపాపేట్ దాకా అందరికీ తెలుసు.

ఆ గొంతంటే పడి చచ్చేవాళ్లలో సాయికుమార్ మొదటివాడు. నల్గొండ పల్లె నుంచి వచ్చి, మీర్‌పేట్‌లో గది తీసుకుని సర్కారు ఉద్యోగానికి చదువుతున్నాడు. నోటిఫికేషన్లు లేవు. రాష్ట్రం ఇస్తామన్న మాట కూడా వెనక్కి పోయాక పుస్తకం ముట్టడం మానేశాడు. రోజూ వచ్చి షాపు మెట్ల మీద కూర్చునేవాడు. ఎందుకురా ఎప్పుడూ ఇదే పాట అని రాఘవేంద్ర ఓసారి అడిగాడు.

"నేను ఎవ్వలతోని చెప్పుకోలేంది ఆయన చెప్తున్నట్టుంటదన్నా. నాయినసుంటి గొంతు. ఏం చెప్పినా చెయ్యబుద్ధయితది."

పాట ఆఖరి చరణంలో తెలంగాణ తల్లి కొడుకుని ప్రాణం అడుగుతుంది. అక్కడికొచ్చేసరికి వాడు కళ్లు మూసుకునేవాడు.

ఇప్పుడూ వాడు మెట్ల మీదే ఉన్నాడు.

ఈ తువ్వాలు మనిషిని ఎవరో పంపారనుకున్నాడు రాఘవేంద్ర. తను పాట తీస్తాడో లేదో చూడ్డానికి. తీస్తే సాయంత్రానికి షాపుండదు.

"తియ్యనండీ" అన్నాడు, మెట్ల దాకా వినపడేట్టు. "తెలంగాణ పాట తీసెయ్యమంటారేంటి మీరు?"

ఆ మనిషి జేబులోంచి చిన్న మెమరీ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"తీసి, గిది పెట్టు. పాట గదే. ఆఖరి చరణమే ఏరే. ఎల్బీనగర్ కాడికెళ్లి షాపు షాపుకు చెప్పుకుంటొస్తున్న."

"డూప్లికేట్లు ఎవరూ ఎక్కించుకోరండీ. జనం వచ్చేది ఆ గొంతు కోసం."

"ఆ గొంతు నలుగురు పిల్లల్ని మింగింది సారూ. పానాలు తీసుకున్న నలుగురి ఫోన్లల్ల గదే పాట దొరికింది."

రాఘవేంద్ర గొంతు తగ్గించాడు. "మీ అబ్బాయి గానీ ఉన్నాడా వాళ్లలో?"

జవాబు వచ్చేలోపే సాయికుమార్ లేచొచ్చి ఆ మనిషి కాలర్ పట్టుకున్నాడు.

"ఆయన పాట తీపియ్యనీకి నువ్వెవ్వడివిరా? ఎవ్వడు పంపిండు నిన్ను?"

సందు చివర తెలంగాణ దీక్షా శిబిరం దగ్గరున్న కుర్రాళ్లూ వచ్చిపడ్డారు. తోపులాటలో తువ్వాలు ఊడింది. ఆ మనిషి వెళ్లి రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు.

ఒక్క మాట అంటే ఆగిపోయేవారు. రాఘవేంద్ర ఆ మాట అనలేదు. స్పీకర్ సౌండు పెంచాడు.

ఆ మనిషి లేచి దుమ్ము కూడా దులుపుకోలేదు. సాయికుమార్‌నే చూశాడు.

"ఇంటికి పో బిడ్డా. అమ్మ చూస్తుంటది."

అని, బస్సుల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాడు. కార్డు కౌంటర్ మీదే ఉండిపోయింది. రాఘవేంద్ర దాన్ని పాత చార్జర్ల సొరుగులో పడేశాడు.

ఎనిమిదో రోజు సాయికుమార్ షాపుకి రాలేదు.

తొమ్మిదో రోజు పేపర్లో వచ్చాడు, చిన్న ఫొటోలో. అతని ఫోన్లో చార్జింగ్ అయిపోయేదాకా అదే పాట మోగిందని పక్కగదివాళ్లు చెప్పారట.

ఆ రోజు నుంచి స్పీకర్ మోగలేదు. ఎందుకు మోగలేదని ఎవరూ అడగలేదు.

పదిహేను రోజులకి ఒకావిడ వచ్చింది. నేత చీర, చేతిలో సంచి. పేరు ముత్తమ్మ అని, సాయికుమార్ తల్లినని చెప్పింది. ఫోను పోలీసులు ఇయ్యలేదట.

"మావోడు ఆఖరుకు ఏదో పాట ఇన్నడంట. జర ఇనిపియ్యి నాయినా."

రాఘవేంద్ర మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. ఆ చరణం ఈవిడ చెవిన ఎలా వెయ్యడం?

సొరుగు లాగి, చార్జర్ల కింద వెతికి, ఆ కార్డు తీశాడు. డూప్లికేట్ అయితే అయింది, ఈవిడకి తేడా తెలియదనుకున్నాడు.

పాట మొదలైంది. ముత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రాఘవేంద్ర తెర వంకే చూస్తూ నిలబడిపోయాడు.

ఆఖరి చరణం వచ్చింది.

*పానమడిగేది తల్లెట్లయితది కొడుకా,*
*బువ్వ చల్లారె, ఇంటికి రా.*

ముత్తమ్మ నోటికడ్డం ఉన్న కొంగు దించింది.

"గిసుంటి పాట ఇన్నంక గూడ పోయిండా నా కొడుకు?"



పాట అయిపోయింది. రికార్డింగు మాత్రం ఇంకా నడుస్తోంది. పాడిన గొంతే, ఒక్క క్షణం ఆగి, మామూలుగా మాట్లాడింది.

"ఇంటికి పో బిడ్డా. అమ్మ చూస్తుంటది."

అది డూప్లికేట్ కాదు, రెండు నెలలు తన షాపుని కాపాడిన గొంతే. సాయికుమార్ కాలర్ పట్టుకుని రోడ్డు మీదికి తోసింది ఆ గొంతున్న మనిషినే.