పదిహేనో పేరు

ఫెలిమ్ కారు మైదానం గేటు దాటి కుడికి కాకుండా ఎడమకు తిరిగింది. ఎడమవైపు వంతెన. వంతెన దాటితే పక్క ఊరు కిల్‌ఫార్న్.

"చూశావా?" అన్నారు మలకీ మాస్టారు, కిటికీ దగ్గర నుంచి కదలకుండా. "ఈ వారంలో ఇది మూడోసారి."

క్లబ్బు కార్యదర్శి డెర్వ్లా బురద జెర్సీలను సంచిలో కుక్కుతోంది. "అక్కడ చేపల వేపుడు కొట్టుంది మాస్టారూ. మనకేముంది? ఒక చర్చి, ఒక పబ్బు, మీరు."

"చేపల కోసం పోయేవాడు అద్దంలో వెనక్కి చూసుకోడమ్మాయ్."

డెర్వ్లా నవ్వింది. ఆయన నవ్వలేదు.

డ్రమ్‌కీల్ ఊళ్లో హర్లింగ్ ఆడేవాళ్లు, అంటే కర్రతో బంతిని కొట్టే ఆ ఐరిష్ ఆటకు జట్టులో నిలిచేవాళ్లు, సరిగ్గా పదిహేనుమంది. అందులో ఇద్దరు మాస్టారి కొడుకులు. గోల్ కాసేవాడు నలభై ఏడేళ్ల పోస్ట్‌మాన్. నెలాఖరుకు జిల్లా బోర్డుకు జాబితా పంపాలి. పద్నాలుగు పేర్లే ఉంటే క్లబ్బు ఉండదు. తొంభై ఏళ్లుగా ఎవరితో తలపడుతున్నారో ఆ కిల్‌ఫార్న్‌లోనే కలిసిపోవాలి.

ఎవరి ఇల్లు ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలో ఉంటే వాళ్లు ఆ పారిష్ జట్టుకే ఆడాలి. ఆ పదిహేనుమందిలో ఒకడైన ఫెలిమ్ పెళ్లి కుదిరి ఇప్పుడు ఇల్లు కడుతున్నాడు. అతని స్థలం వాగుకు రెండు వైపులా ఉంది. వాగు రెండు పారిష్‌లకూ హద్దు. ఇవతలి గట్టు మీద పాతిన పునాది కొయ్యలు మాస్టారి వంటింట్లోంచి కనిపించేవి. పోయిన గురువారం చూస్తే ఒక్కటీ లేదు.

సోమవారం కిరాణా కొట్టులో ఫెలిమ్ ఎదురయ్యాడు. చంకలో చుట్టిన పెద్ద కాగితం. మాస్టారిని చూడగానే దాన్ని కోటు లోపలికి తోశాడు.

"ఏంట్రా అది?"

"గోడకు అంటించేదండీ. రంగుల కాగితం."

"గోడలు లేవకుండానే?"

ఎనిమిదేళ్ల వయసులో కూడా వీడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. మాస్టారు చెవుల వంక చూశారు. తన అనుమానం నిజమైనందుకు లోపల ఎక్కడో చిన్న సంతోషం మెదిలింది. ఆ సంతోషం ఆయనకు నచ్చలేదు. అయినా దాన్ని మింగేయకుండా ఇంటిదాకా చప్పరిస్తూనే వెళ్లారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద కొడుకును అడిగారు. "ఫెలిమ్ మీతో ఏమన్నా అన్నాడా?"

"మాతో మాట్లాడటమే మానేశాడు నాన్నా. మమ్మల్ని చూస్తే ఎవరో చచ్చిపోయినట్టు మొహం పెడుతున్నాడు."

తప్పు చేసేవాడు అలాగే ఉంటాడు అనుకున్నారు మాస్టారు.

మంగళవారం పాత సహోద్యోగి పేర ప్రార్థన ఉందని ఆయనే కిల్‌ఫార్న్ వెళ్లారు. చర్చి వెనక, సమాధుల గోడ పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ఫెలిమ్. రెండోవాడు గార్వన్, కిల్‌ఫార్న్ క్లబ్బు అధ్యక్షుడు. ఫెలిమ్ ఏదో బతిమాలుతున్నాడు. గార్వన్ చివరికి చెయ్యి చాచాడు. ఇద్దరూ గట్టిగా చేతులు కలిపారు.

మాస్టారు నేరుగా డెర్వ్లా ఇంటికి వచ్చారు.

"బోర్డుకు అభ్యంతరం రాయాలి. వాళ్లే వచ్చి హద్దు కొలవాలి. వాడు ఏ గట్టున కట్టినా తప్పించుకోవడానికి వీల్లేకుండా."

"వాణ్ని ఒక్కమాట అడిగితే పోదా?"

"అడిగాను. గోడ కాగితమన్నాడు."

డెర్వ్లా నిట్టూర్చి సొరుగు తెరిచింది. అభ్యంతరం ఐర్లండ్‌లో తయారైన కాగితం మీదే రాయాలి, లేకపోతే బోర్డు చదవకుండా తిప్పి పంపుతుంది. ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి నీటిముద్ర చూసుకున్నారు. బడిలో నల్లబల్ల మీద రాసినంత ముత్యాల్లా రాశారు. డెర్వ్లా ఐరిష్‌లో సంతకం చేసింది. పెన్ను కింద పెట్టాక కూడా తన సంతకం వంకే చూస్తూ కూర్చుంది.

గురువారం సాయంత్రం సాధన అయ్యాక మాస్టారు ఫెలిమ్‌ని గేటు దగ్గర ఆపారు.

"ఎడమకు తిప్పనక్కర్లేదురా ఇవాళ. అంతా తెలిసింది. గార్వన్‌తో చేతులు కలపడం ఈ కళ్లతో చూశాను."

ఫెలిమ్ మొహం తెల్లబోయింది. "ఎవరికైనా చెప్పారా?"

"చెప్పడమేంటి, బోర్డుకు రాశాను. రేపు పొద్దున పటాలు పట్టుకుని వస్తున్నారు. హద్దు గజం గజం నడిచి చూస్తారు."

"ఉత్తరం వెనక్కి తీసుకోండి మాస్టారూ."

"ఎందుకు, భయమేసిందా?"

"ఫోన్ చేసి రావద్దని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

"ఒరేయ్, నీకు అక్షరాలు నేర్పినవాణ్ని. తొంభై ఏళ్ల క్లబ్బును ఎంతకు అమ్ముతున్నావు?"

ఫెలిమ్ కోటులోంచి ఆ కాగితం తీశాడు. దాన్ని కారు మీద పరిచాడు.

"ఇంటి కోసం ఇంజనీరు పాత పటం తెచ్చాడు. నలభై ఏళ్ల కింద వరదల తర్వాత మన వాగును తిన్నగా తవ్వారట. అసలు హద్దు ఇప్పటి వాగు వెంట పోదు. ఇంకెవరూ కొలవకూడదని కొయ్యలు పీకేసి పని ఆపేశాను. గార్వన్‌కు ఎలాగో తెలిసిపోయింది. నోరు విప్పనని మొన్ననే మాటిచ్చాడు."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "అంటే నీ ఇల్లు కిల్‌ఫార్న్‌లో పడిందన్నమాట."

"నాది ఎటు కట్టినా మన పారిష్‌లోనే మాస్టారూ, అవతల పడింది మీ ఇల్లు."