శుక్రవారం ముహూర్తం

తలుపు తోసుకుని ముసలాడు లోపలికి రాగానే వెంకటకృష్ణారావు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఎండుచేపల కంపు!

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిర్చి ఘాటు పీల్చిన ముక్కు అది. అలాంటిది, ఈ కంపుని మాత్రం భరించలేకపోయింది.

"ఎవరయ్యా నువ్వు? నిన్ను లోపలికెవరు రానిచ్చారు?"

"నా పేరు కాశీరావండీ. బందరు రేవు కాడ మాది. బయట ఫ్లెక్సీ చూశానండీ. ఇండోనేషియా వాళ్ళతో ఒప్పందం శుక్రవారం పన్నెండూ నలభైకని వేశారు. ఆ టైము మార్చండి బాబూ."

వెంకటకృష్ణారావుకి ఒళ్ళు మండింది. ఏడాది మిర్చి సరుకు కోల్డ్ స్టోరేజీలో మగ్గుతోంది. ఈ బేరం తప్పిపోతే బెజవాడలో ఆఫీసుకి తాళం వేసుకోవాల్సిందే. అందుకే రాహుకాలం పోయాక మంచి ఘడియ చూసి పంతులుగారు పెట్టిన ముహూర్తం అది. దాన్ని ఈ చేపల ముసలాడు మార్చమంటాడా!

"శుక్రవారం లక్ష్మీదేవి రోజయ్యా. నీకేం తెలుసు?"

"మనకి లక్ష్మీదేవేనండీ. వాళ్ళకి జుమాత్. అరబ్బీ మాటండీ, అందరూ కూడే రోజని. మధ్యాహ్నం మసీదులో కలిసి నమాజు చేస్తారు. వాళ్ళ వారాల పేర్లన్నీ అరబ్బీవేనండీ, ఒక్క ఆదివారం తప్ప. దాన్ని మింగు అంటారు. పోర్చుగీసు వాళ్ళు వదిలేసి పోయిన మాట, ప్రభువు రోజని. ఇదిగో, ఈ కిటికీని జెండేలా అంటారు, అదీ పోర్చుగీసే. భాషని బహాసా అంటారు చూడండి, అది మాత్రం మన సంస్కృతమేనండీ."

చెబుతూ చెబుతూ ముసలాడు బల్ల మీద చెయ్యి ఆనించాడు.

"ఛీ ఛీ! చెయ్యి తియ్! ఓడల్లో అంట్లు తోమి నాలుగు ముక్కలు పట్టుకొచ్చి నాకు పాఠాలు చెప్తావా?"

"తోమానండీ," అన్నాడు ముసలాడు చిన్నబుచ్చుకోకుండా. "ఆ దేశంలోనే ఇరవయ్యేళ్ళు ఉన్నాను. అందుకే చెప్తన్నా."

"లక్ష్మీకాంత్! వీణ్ణి గెంటించు. గదంతా ఫినాయిలు కొట్టించు!"

మేనేజరు లక్ష్మీకాంత్ పరుగున వచ్చి, "రండి తాతా" అంటూ ముసలాయన్ని బయటికి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం వెంకటకృష్ణారావు రెండుసార్లు స్నానం చేశాడు. అయినా అన్నం సహించలేదు.

శుక్రవారం వాళ్ళు వచ్చారు. పెద్దాయన పేరు సుర్యాదీ. నలభై దాటిన మనిషి, మాట మెత్తన. పట్టుపంచె కట్టుకుని వెంకటకృష్ణారావే ఎదురెళ్ళి దండ వేశాడు. పంతులుగారు గణపతి పూజ తీరిగ్గా చేయిస్తున్నారు.

పన్నెండున్నరకి సుర్యాదీ వాచీ చూసుకుని లేచాడు.

"మసీదుకి వెళ్ళాలి. వచ్చాక సంతకాలు పెట్టుకుందాం," అన్నాడు ఇంగ్లీషులో.

"ముహూర్తం దాటిపోతుంది సార్! ఒక్క పది నిమిషాలు!"

"వచ్చాక తప్పకుండా పెడతాను," అని నవ్వుతూ గుమ్మం వైపు నడిచాడు సుర్యాదీ.

వెంకటకృష్ణారావు కూడా నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఉంచుకుని, అతిథికి అర్థం కాదన్న ధీమాతో, మేనేజరుతో తెలుగులో అన్నాడు.

"ఆ కంపు ముసలాడు అన్నంతా అయిందయ్యా! బందరు రేవు కాశీరావట, కాశీరావు! మొన్న ఊరికే గెంటించడం కాదు, నాలుగు తగిలించి పంపాల్సింది. వాణ్ణి తలుచుకుంటేనే వాంతికొస్తోంది."

సుర్యాదీ ఆగాడు. వెనక్కి వచ్చాడు. బల్ల మీది ఒప్పందం కాగితాలు తీసుకుని తన సంచిలో పెట్టేసుకున్నాడు.

"సార్, సార్! ఏమైంది?"

సుర్యాదీ ఈసారి తెలుగులో, అచ్చం బందరు రేవు తెలుగులో, అందరికీ వినబడేలా చెప్పాడు.

"నా ఎనిమిదో ఏట మా నాన్న సముద్రంలో పోతే, నన్ను పెంచి, చదివించి ఇంతవాణ్ణి చేసింది ఆ కంపు ముసలాయనేనండీ."