దాచిన ఆవు

"ఎన్నిసార్లు తిప్పుతారు పెద్దాయనా? ఆవుకింతని ఇచ్చే కరోనా సాయం ఇది. అన్నిటినీ కళ్లారా చూస్తేగాని డబ్బు రాదు." పశువుల ఆఫీసరు విసుక్కున్నాడు.

"ఒకటి మేతకెళ్లింది బాబూ. వచ్చేవారం చూపిస్తా. టీ తాగి వెళ్లండి."

అంతలో గడ్డి కొట్టంలోంచి 'అంబా' అని వినిపించింది. ఆఫీసరు తలుపు తోశాడు. లోపల చూడి ఆవు కట్టేసి ఉంది.

"లేని ఆవుల్ని చూపించేవాళ్లున్నారు గానీ, ఉన్నదాన్ని దాచడమేంటండీ?"

"మా ఆవిడ పోయాక ఈ గడప తొక్కింది మీరొక్కరే. లెక్క తేలిపోతే మళ్లీ ఎందుకొస్తారు?"

ఆఫీసరు ఆవు ఫొటో తీసుకుని, వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"టీ పెట్టండి. ఇది ఈనాక ఫోన్ చెయ్యండి, దూడని చూడ్డానికొస్తా. లెక్కకి కాదులెండి, ఊరికే."

పెద్దాయన దుమ్ముపట్టిన రెండో గ్లాసు కడగడానికి లేచాడు.